సొంత సినిమాలు స్ట్రీమింగ్ బాక్స్‌లో ఆడకపోతే: ఏ లక్షణానికి ఏది కారణం, ఏం చేయాలి

ఏళ్లుగా పోగుచేసుకున్న సినిమాలు హార్డ్‌డిస్క్ నిండా ఉంటాయి. టీవీ పక్కన స్ట్రీమింగ్ బాక్స్ ఉంటుంది. రెండిటినీ కలిపితే చాలు, ఇల్లే థియేటర్ అనుకుంటాం. తీరా అందరూ కూర్చున్నాక బొమ్మ పడితే మాట వినిపించదు, మాట వినిపిస్తే బొమ్మ ఆగిపోతుంది. ఆ టెన్షన్‌లో చాలామంది మొదట చేసే పని బాక్స్‌ను రీసెట్ చేయడం. దయచేసి దాన్ని చివరికి ఉంచుకోండి. నేను చూసినంతవరకు బాక్స్ నిజంగా పాడైన సందర్భాలు చాలా తక్కువ. ఫైల్‌లో ఉన్నదానికీ బాక్స్‌కు చేతనైనదానికీ పొంతన కుదరకపోవడమే ఎక్కువ.

ముందు ఐదు నిమిషాల పరీక్ష

ఆడని ఫైల్‌ను కంప్యూటర్‌లో వీఎల్‌సీ అనే ఉచిత ప్లేయర్‌తో తెరవండి. అక్కడా ఆడకపోతే లోపం ఫైల్‌దే, లేదా అది ఉన్న డిస్క్‌ది. అక్కడ చక్కగా ఆడితే, ఇంకో సినిమాను బాక్స్‌లో పెట్టి చూడండి. అది ఆడి ఇది ఆడకపోతే ఫార్మాట్ తేడా. ఏదీ ఆడకపోతే మధ్య దారిలో, అంటే కేబుల్, వైఫై, సర్వర్‌లలో ఎక్కడో లోపం ఉంది.

వీఎల్‌సీ తెరిచే ఉండగానే టూల్స్ మెనూలో కోడెక్ ఇన్ఫర్మేషన్ చూసి, వీడియో, ఆడియో, సబ్‌టైటిల్ ఏ రకమో కాగితం మీద రాసుకోండి. కింద చెప్పేవాటిలో సగానికి ఆ చీటీయే జవాబు. ఇంకో మాట: ఒకసారికి ఒక్క సెట్టింగే మార్చండి. మూడు కలిపి మారిస్తే, బాగుపడినా దేనివల్ల బాగుపడిందో తెలియదు.

డిస్క్ పెట్టినా బాక్స్ గుర్తించడం లేదు

డిస్క్ కనిపించి మాయమవుతూ, లోపల టక్‌టక్‌మని చప్పుడు వస్తుంటే ముందు కరెంట్‌ను అనుమానించండి. యూఎస్‌బీ 2.0 పోర్ట్ మామూలుగా ఇచ్చేది 500 మిల్లీ ఆంపియర్లు, 3.0 అయితే 900. హార్డ్‌డిస్క్ తిరగడం మొదలుపెట్టే క్షణంలో అంతకంటే ఎక్కువే లాగవచ్చు. సొంత అడాప్టర్ ఉన్న యూఎస్‌బీ హబ్‌ను మధ్యలో పెడితే ఈ సమస్య పోతుంది. అదే చప్పుడు కంప్యూటర్‌కు తగిలించినా వస్తుంటే అది వేరే సంగతి, చివర్లో చెబుతాను.

చప్పుడేమీ లేకుండా అసలే కనిపించకపోతే ఫైల్ సిస్టమ్, అంటే డిస్క్‌లో ఫైళ్లను అమర్చే పద్ధతి, ఏదో చూడండి. ఎన్‌టీఎఫ్‌ఎస్, ఎక్స్‌ఫ్యాట్‌లను అన్ని బాక్సులూ చదవవు. ఫ్యాట్32ను దాదాపు అన్నీ చదువుతాయి గానీ అందులో ఒక్కో ఫైల్ 4 జీబీ దాటకూడదు, మంచి క్వాలిటీ సినిమాకు అది చాలదు. బాక్స్ ఒప్పుకుంటే ఎక్స్‌ఫ్యాట్ మేలు. ఫార్మాట్ చేస్తే డిస్క్‌లో ఉన్నదంతా పోతుంది కాబట్టి ముందు ఇంకో చోటికి కాపీ చేసుకోండి. ఆండ్రాయిడ్ టీవీ బాక్స్ ఈ డిస్క్‌ను డివైస్ స్టోరేజ్‌గా వాడుకోనా అని అడిగితే మాత్రం ఒప్పుకోకండి. డిస్క్‌ను చెరిపేసి, ఎన్‌క్రిప్ట్ చేసి, ఆ బాక్స్‌లో తప్ప ఇంకెక్కడా తెరుచుకోకుండా చేస్తుంది. రిమూవబుల్ స్టోరేజ్ అన్నదే ఎంచుకోండి.

యాపిల్ టీవీ 4కేకి యూఎస్‌బీ పోర్టే లేదు. అలాంటి బాక్సులకు నెట్‌వర్క్ ఒక్కటే దారి.

సర్వర్ నడుస్తోంది, బాక్స్‌కు కనిపించడం లేదు

కంప్యూటర్‌లోని సినిమాలను నెట్‌వర్క్ మీదుగా బాక్స్‌కు పంపే ప్రోగ్రామే సర్వర్. ప్లెక్స్ గానీ జెల్లీఫిన్ గానీ పెట్టుకున్నారనుకుందాం. ఫోన్‌ను బాక్స్ ఉన్న వైఫైకే కలిపి, బ్రౌజర్‌లో కంప్యూటర్ ఐపీ అడ్రస్ (ఇంటి నెట్‌వర్క్‌లో దానికున్న నంబర్), కోలన్, ఆ తర్వాత పోర్ట్ నంబర్ కొట్టండి. పోర్ట్ మార్చకుండా ఉంటే జెల్లీఫిన్‌కు 8096, ప్లెక్స్‌కు 32400. ఫోన్‌లో పేజీ తెరుచుకుంటే సర్వర్ బాగున్నట్టే, బాక్స్‌లోని యాప్‌లో అదే అడ్రస్‌ను చేత్తో ఇవ్వండి. తెరుచుకోకపోతే మూడు చోట్ల చూడాలి: కంప్యూటర్ నిద్రపోయిందా, విండోస్‌లో నెట్‌వర్క్ పబ్లిక్ అని ఉండి ఫైర్‌వాల్ అడ్డుకుంటోందా, బాక్స్ గానీ కంప్యూటర్ గానీ గెస్ట్ వైఫైలో ఉందా. గెస్ట్ వైఫై సాధారణంగా ఒక పరికరాన్ని ఇంకో పరికరానికి కనిపించనివ్వదు.

నిన్నటిదాకా కనిపించి ఈరోజు మాయమైతే రౌటర్ ఆ కంప్యూటర్ ఐపీని మార్చి ఉంటుంది. రౌటర్ సెట్టింగ్స్‌లో ఆ కంప్యూటర్‌కు ఒక అడ్రస్‌ను రిజర్వ్ చేస్తే మళ్లీ ఆ బెడద ఉండదు.

బొమ్మ ఉంది, మాట లేదు

చీటీలో ఆడియో దగ్గర డీటీఎస్ అనో ట్రూహెచ్‌డీ అనో ఉందా? కారణం చాలావరకు అదే. బ్లూరే నుంచి తీసిన ఫైళ్లలో ఇవి మామూలు, కానీ వీటిని విప్పి వినిపించలేని బాక్సులు, టీవీలు చాలానే ఉన్నాయి. ముందుగా ఆడియో ట్రాక్ మార్చి చూడండి, అదే ఫైల్‌లో ఎక్కువ పరికరాలకు తెలిసిన ఏసీ3 ట్రాక్ కూడా ఉండవచ్చు. తర్వాత బాక్స్‌లోనూ ప్లేయర్‌లోనూ పాస్‌త్రూ ఆపేయండి. పాస్‌త్రూ ఉంటే బాక్స్ ఆ శబ్దాన్ని విప్పకుండా అలాగే టీవీకి పంపేస్తుంది. టీవీకి ఆ భాష రాకపోతే నిశ్శబ్దమే. కోడి, వీఎల్‌సీ వంటి ప్లేయర్లు డీటీఎస్‌ను తామే విప్పుతాయి, అందుకే యాప్ మార్చినా కొన్నిసార్లు పని జరిగిపోతుంది.

ఇవేవీ కుదరకపోతే ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అనే ఉచిత ప్రోగ్రామ్‌తో వీడియోను ఉన్నది ఉన్నట్టే కాపీ చేయించి, ఆడియోను మాత్రం ఏసీ3కి మార్పించండి. వీడియోను ముట్టుకోదు కాబట్టి బొమ్మ నాణ్యత రవ్వంత కూడా తగ్గదు, పనీ త్వరగా అయిపోతుంది.

ఆగి ఆగి వస్తోంది

అందరినీ ఎక్కువగా విసిగించేది ఇదే. చక్రం తిరగ్గానే ఇంటర్నెట్‌ను తిట్టుకుంటాం. కానీ సినిమా మన ఇంట్లోని డిస్క్ నుంచే వస్తోంది, బయటి ఇంటర్నెట్ వేగంతో దానికి సంబంధం లేదు. చూడాల్సింది ఇంటి లోపలి దారి, సర్వర్ చేస్తున్న పని.

సినిమా నడుస్తుండగా సర్వర్ డ్యాష్‌బోర్డ్ తెరవండి. డైరెక్ట్ ప్లే అని ఉంటే ఫైల్ ఉన్నది ఉన్నట్టే బాక్స్‌కు వెళ్తోంది. అయినా ఆగుతోందంటే దారి ఇరుకు. ట్రాన్స్‌కోడ్ అని ఉంటే సర్వర్ ఆ సినిమాను అప్పటికప్పుడు ఇంకో రూపంలోకి మారుస్తూ పంపుతోంది. ఆగుతున్నది కంప్యూటర్ ఊపిరి చాలక.

దారి ఇరుకైతే లెక్క చూడండి. డీవీడీ సెకనుకు సుమారు 10 మెగాబిట్లు దాటదు. బ్లూరేలో వీడియో ఒక్కటే 40 దాకా వెళ్తుంది. అల్ట్రా హెచ్‌డీ బ్లూరే 100ని కూడా దాటవచ్చు. చాలా బాక్సుల ఈథర్‌నెట్ పోర్ట్ వేగం మాత్రం 100. అంటే కేబుల్ వేశాక కూడా 4కే ఒరిజినల్ కాపీ పెద్ద సన్నివేశాల దగ్గర ఆగవచ్చు. అక్కడ మంచి 5 గిగాహెర్ట్జ్ వైఫై కేబుల్‌ను మించిన సందర్భాలున్నాయి. 2.4 గిగాహెర్ట్జ్ మీద పెద్ద ఫైళ్లను నమ్ముకోకండి. సర్వర్, బాక్స్ రెండూ వైఫై మీదే ఉంటే ఒకే గాలిలో సినిమా రెండుసార్లు ప్రయాణిస్తుంది, కనీసం సర్వర్‌నైనా రౌటర్‌కు కేబుల్‌తో కలపండి.

ట్రాన్స్‌కోడ్ అయితే ఎందుకో కనిపెట్టాలి. ఇక్కడ నా అనుభవం ఒకటి చెప్పాలి. ఒక సినిమా పదే పదే ఆగుతుంటే మూడు రాత్రులు రౌటర్ ఛానెళ్లు మారుస్తూ కూర్చున్నాను. అసలు కారణం సబ్‌టైటిల్. బ్లూరే, డీవీడీల నుంచి వచ్చే సబ్‌టైటిళ్లు అక్షరాలు కావు, బొమ్మలు. బాక్స్‌కు వాటిని చూపించడం రాకపోతే సర్వర్ వాటిని వీడియో మీద అచ్చువేసి పంపాలి, అంటే సినిమా మొత్తాన్ని మళ్లీ ఎన్‌కోడ్ చేయాలి. సబ్‌టైటిల్ ఆపగానే సినిమా నీళ్లలా సాగింది. మీకూ అంతే అయితే అదే సినిమాకు అక్షరాలతో ఉండే ఎస్‌ఆర్‌టీ సబ్‌టైటిల్ ఫైల్ పెట్టుకోండి.

రెండో కారణం యాప్‌లోని క్వాలిటీ పరిమితి. దాన్ని ఒరిజినల్ లేదా మాగ్జిమమ్ చేయండి. మూడోది బాక్స్‌కు రాని వీడియో రకం: పాత బాక్సులకు హెచ్.265 రాదు, 10 బిట్ హెచ్.264 అయితే కొత్త బాక్సుల చిప్‌లలో కూడా సాధారణంగా ఉండదు. వాటిని ఒకసారి కూర్చుని 8 బిట్ హెచ్.264కి మార్చి పెట్టుకోవడమే సుఖం. మార్చే ఓపిక లేకపోతే సర్వర్‌లో హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ (మార్చే పనిని కంప్యూటర్ గ్రాఫిక్స్ చిప్‌కు అప్పగించడం) ఆన్ చేయండి. జెల్లీఫిన్‌లో అది ఉచితం, ప్లెక్స్‌లో ప్లెక్స్ పాస్ కొనాలి.

సబ్‌టైటిల్ డబ్బాలుగా వస్తోంది, లేదా మాటకు అందడం లేదు

తెలుగు అక్షరాల బదులు ప్రశ్నార్థకాలు, పిచ్చి గుర్తులు వస్తే ఎస్‌ఆర్‌టీ ఫైల్‌ను నోట్‌ప్యాడ్‌లో తెరవండి. అక్కడ తెలుగు సరిగ్గా కనిపిస్తే సేవ్ యాజ్‌లో ఎన్‌కోడింగ్ దగ్గర యూటీఎఫ్-8 ఎంచుకుని సేవ్ చేయండి. అప్పటికీ ఖాళీ డబ్బాలే వస్తే ప్లేయర్‌కు తెలుగు ఫాంట్ లేదు, సెట్టింగ్స్‌లో ఫాంట్ మార్చాలి.

మొదటినుంచి చివరిదాకా ఒకే రెండు సెకన్లు వెనకబడితే ప్లేయర్‌లో డిలే సరిచేస్తే చాలు. మొదట్లో సరిగ్గా ఉండి పోనుపోను దూరమైతే డిలేతో కుదరదు. సబ్‌టైటిల్ సెకనుకు 25 ఫ్రేముల కాపీకి రాసినది, మీ సినిమా 23.976 ఫ్రేములది అయి ఉంటుంది. గంట గడిచేసరికి తేడా సుమారు రెండున్నర నిమిషాలకు చేరుతుంది. సబ్‌టైటిల్ ఎడిట్ అనే ఉచిత ప్రోగ్రామ్‌లో ఫ్రేమ్ రేట్ మారిస్తే కుదురుకుంటుంది.

రంగులు వెలిసిపోయాయి, లేదా ఊదా, ఆకుపచ్చల్లో మునిగాయి

వెలిసిపోతే అది హెచ్‌డీఆర్ ఫైల్ (వెలుగునీడలు, రంగులు మామూలుకంటే ఎక్కువ ఉండేది), టీవీ మామూలుది. ప్లేయర్‌లో గానీ సర్వర్‌లో గానీ ఆ రంగులను మామూలు టీవీకి తగ్గట్టు మార్చే టోన్ మ్యాపింగ్ ఆన్ చేయండి. ఊదా, ఆకుపచ్చ వస్తే హెచ్‌డీఆర్‌లోనే ఇంకో రకమైన డాల్బీ విజన్ ప్రొఫైల్ 5 ఫైల్‌ను అది తెలియని పరికరంలో ఆడిస్తున్నారు. హెచ్‌డీఆర్10 లేదా మామూలు కాపీ ఉంటే అదే వాడండి.

ప్రతిసారీ ఒకే చోట ఆగిపోతోంది

ఏ బాక్స్‌లో పెట్టినా, ఏ ప్లేయర్‌లో పెట్టినా సరిగ్గా అదే నిమిషం దగ్గర ఆగితే ఫైల్ చెడింది, లేదా దాని కింద డిస్క్ చెడుతోంది. ఆ ఫైల్‌ను కంప్యూటర్‌లోకి కాపీ చేసి చూడండి. కాపీ కూడా అక్కడే ఆగితే, లేదా ముందు చెప్పిన టక్‌టక్ చప్పుడు కంప్యూటర్ దగ్గరా వస్తే, అనుమానం డిస్క్ మీదే. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో లాంటి ప్రోగ్రామ్‌లో డిస్క్ ఆరోగ్యం చూడవచ్చు, కానీ అంతకంటే ముందు చేయాల్సింది కాపీ. చెడిన సినిమాను బాగుచేయాలని డిస్క్‌ను గంటలకొద్దీ నడపకండి. మళ్లీ దొరకనివి, అంటే పెళ్లి వీడియోలు, పిల్లల వీడియోలు, పాత క్యాసెట్ల నుంచి ఎక్కించుకున్నవి, ముందు వాటిని ఇంకో డిస్క్‌లోకి తీసుకోండి. బయట దొరికే సినిమాల సంగతి తర్వాత చూసుకోవచ్చు.