రెయిల్‌గన్ ట్యాంకు పేలడం లేదా? సీపీయూతో పాటు మౌస్ కూడా పట్టుకురండి

"అన్నా, ట్యాంకు పేలట్నేదు" అంటూ సీపీయూ బాక్సుని స్కూటీ ముందు పెట్టుకుని వచ్చేవాళ్లు నాకు కొత్త కాదు. ట్యాంకంటే కంప్యూటర్ ఆటలో ట్యాంకు, పేలనిది దాని గన్ను. శ్రీకాకుళంలో డే అండ్ నైట్ జంక్షన్ దగ్గర కంప్యూటర్లు బాగుచేసే కొట్టు నాది. బాక్సు తెస్తారు, కరెంటు వైరు తెస్తారు, కొందరు మానిటర్ కూడా మోసుకొస్తారు. మౌస్ మాత్రం ఇంట్లో వదిలేసి వస్తారు. ఎందుకు తేలేదని అడిగితే "మౌసుకేటన్నా, బాగానే ఉంది కదా" అంటారు. ఈ ఒక్క మాట వల్ల నేను పోగొట్టుకున్న రోజులు లెక్కపెడితే కొట్టుకి రంగులు వేయించుకునేవాణ్ణి.

ముందుగా ఏ సమస్య గురించి చెబుతున్నానో తేల్చుకుందాం. భవిష్యత్తు యుద్ధాల ఆటల్లో రెయిల్‌గన్ ట్యాంకులు, అంటే మందుగుండు బదులు కరెంటు బలంతో గుండుని విసిరే గన్నున్నవి, రెండు రకాలుగా పనిచేస్తాయి. కొన్నిటిలో ఒక్కసారి నొక్కితే చాలు, గన్ను దానంతట అదే ఛార్జై పేలుతుంది. కొన్నిటిలో మౌస్ ఎడమ బటన్ నొక్కి పట్టుకోవాలి. ఛార్జ్ బార్ నిండాక వదిలితే గుండు పోతుంది. గొడవంతా ఈ రెండో రకంతోనే. బార్ ముప్పావు వంతు దాకా పెరుగుతుంది, ఠక్కున సున్నాకి పడిపోతుంది. వేలు మాత్రం బటన్ మీదే ఉంటుంది. ముందే వదిలితే బలహీనమైన షాట్ పోయేలా చేసిన ఆటల్లో ఇదే జబ్బు ఇంకోలా కనిపిస్తుంది: గుండు పోతుంది గానీ ఎదుటి ట్యాంకుకి గీత కూడా పడదు. "డ్యామేజ్ తగ్గించేశారు" అని ఆట తయారుచేసినవాళ్లని తిట్టుకుంటారు. పాపం వాళ్లదేం తప్పు లేదు.

మామూలు తనిఖీలు మీకు తెలిసినవే కాబట్టి గబగబా కానిద్దాం. డ్రైవర్ సీట్లో కూర్చుని గన్ను పేలలేదంటే అది జబ్బు కాదు, గన్నర్ సీటుకి మారండి. సెట్టింగుల్లో ఫైర్ బటన్‌కి 'హోల్డ్' (నొక్కి పట్టుకోవడం) ఉందా 'టాగుల్' (ఒకసారి నొక్కితే ఆన్, మళ్లీ నొక్కితే ఆఫ్) ఉందా చూడండి. గన్ను వేడెక్కితే కాసేపు లాక్ అయ్యే ఆటైతే ఆ గుర్తు తెర మీద కనిపిస్తుంది. ఇవన్నీ సరిగ్గా ఉండి, బార్ ఒక్కోసారి నిండి, ఒక్కోసారి మధ్యలో పడిపోతుంటే ఆట జోలికి పోకండి. ఒకసారి పడి, ఒకసారి పడకపోవడమే అసలు గుర్తు. సెట్టింగ్ తప్పైతే ప్రతిసారీ ఒకేలా తప్పుతుంది.

దొంగ ఉన్నది మౌస్ లోపల.

ఎడమ బటన్ కింద ప్లాస్టిక్ తీసి చూస్తే మూడు కాళ్ల చిన్న పెట్టె ఒకటి ఉంటుంది. దాన్ని మైక్రో స్విచ్ అంటాం. నొక్కితే టిక్కుమనేది అదే. లోపల సన్నటి లోహపు రేకు వంగి ఇంకో లోహపు బొడిపెకి తగులుతుంది. లక్షల క్లిక్కులు పడ్డాక రేకు బిగువు తగ్గుతుంది. తగిలే చోట మసకపొర కడుతుంది. అప్పుడు మీరు బటన్ గట్టిగా పట్టుకున్నా లోపల కరెంటు సెకనులో నూరో వంతు తెగి మళ్లీ కలుస్తుంది. మన వేలికి అది తెలియదు. ఆటకి మాత్రం 'వదిలాడు, మళ్లీ నొక్కాడు' అని కనిపిస్తుంది. వదిలావు కాబట్టి ఛార్జ్ పోయింది, అంతే.

మౌస్ లోపలి చిప్పులో కరెంటు ఇలా చిన్నగా తెగడాన్ని పట్టించుకోకుండా దాటేసే ఏర్పాటు ఉంటుంది. డిబౌన్స్ అంటారు. కానీ క్లిక్ ఆలస్యం కాకూడదని దాన్ని కొన్ని మిల్లీసెకన్లకే పరిమితం చేస్తారు. తెగడం అంతకంటే ఎక్కువసేపు ఉంటే దాటేయలేదు. ఇంకో ఇబ్బంది ఏంటంటే, ఇప్పటి మౌసుల్లో ఆ స్విచ్ గుండా పారే కరెంటు మరీ తక్కువ. ఎక్కువ కరెంటు పారే స్విచ్చుల్లో తగిలేటప్పుడు లేచే చిన్న మెరుపుకి మసకపొర కాలిపోతుంది, ఇక్కడ ఆ అవకాశం లేదు. పొర అలాగే పేరుకుంటుంది. కళింగపట్నం, బారువ, భావనపాడు వైపు నుంచి వచ్చే మౌసుల్లో ఈ జబ్బు ముందే మొదలవడం చూస్తుంటాను. ఉప్పుగాలికి ఇనప గేట్లే ఆగవు, ఈ రేకెంత?

ఇదే మౌసుతో వేరే ఆటలు బాగానే నడుస్తాయి, అందుకే ఎవరూ అనుమానించరు. మామూలు ఫిరంగికి ఒక్క క్లిక్ చాలు. గుండు పోయాక బటన్ తెగితే ఎంత, కలిస్తే ఎంత. మెషిన్ గన్ మధ్యలో నూరో వంతు సెకను ఆగితే ఎవరికీ తెలియదు. మూడు నాలుగు సెకన్లు ఒక్కసారి కూడా తెగకుండా పట్టుకోమని అడిగేది రెయిల్‌గన్ ఒక్కటే.

నిజం రెయిల్‌గన్‌కి కూడా ఇలాంటి తలనొప్పే ఉండటం నాకు భలే తమాషాగా ఉంటుంది. అందులో మందుగుండు ఉండదు. రెండు లోహపు పట్టాలు, వాటి మధ్య జారే లోహపు ముక్క. కెపాసిటర్లలో నింపిన కరెంటుని ఒక్కసారి వదిలితే పుట్టే అయస్కాంత బలం ఆ ముక్కని ముందుకి విసురుతుంది. 2010 డిసెంబరులో అమెరికా నౌకాదళం 33 మెగాజౌళ్ల షాట్ పేల్చి చూసింది. ఒక మెగాజౌల్ అంటే గంటకి 160 కిలోమీటర్ల వేగంతో పోయే టన్ను బరువు బండిలో ఉండే శక్తి. అంత శక్తి నింపడానికి టైం పట్టాలి కదా, ఆటల్లో ఛార్జ్ బార్ అక్కణ్ణుంచి వచ్చిందేనేమో. ఆ పట్టాలకీ ముక్కకీ మధ్య మెరుపులు లేచి, పట్టాలు తొందరగా పాడైపోవడం ఆ తుపాకీకి మొదట్నుంచీ ఉన్న బాధ. అంటే అక్కడా లోహానికి లోహం తగిలే చోటే జబ్బు. 2021లో అమెరికావాళ్లు ఆ ప్రాజెక్టుని పక్కన పెట్టేశారు, 2023లో జపాన్‌వాళ్లు ఓడ మీద నుంచి పేల్చి చూశారు. సరే, మన మౌస్ దగ్గరికి వద్దాం.

దీనివల్ల నేను బాగా దెబ్బతిన్నది ఒక డిగ్రీ కుర్రాడి దగ్గర. నరసన్నపేట నుంచి బాక్సు తెచ్చాడు. నా కొట్టులో నా మౌసుతో పెడితే ట్యాంకు పదికి పదిసార్లు పేలింది. ఇంటికి పంపించాను. రెండో రోజు ఫోను: "ఏటన్నా, మల్లీ అదే సేస్తంది." మళ్లీ తెప్పించి, విండోస్ కొత్తగా ఎక్కించి, రాత్రంతా కూర్చుని ఆటని డౌన్‌లోడ్ చేసి ఇచ్చాను. మళ్లీ అదే. వాళ్లింట్లో వోల్టేజీ మీద అనుమానపడి యూపీఎస్ కొనిపించాను. ఆ పాపం నాదే. మూడోసారి విసుగొచ్చి, ఇంట్లో ఉన్నవన్నీ తెమ్మన్నాను. మౌస్ అప్పుడు చూశాను.

అప్పటికీ దొరకలేదు. విండోస్‌లో బొమ్మలు గీసే పెయింట్ తెరిచి, నేను బటన్ పట్టుకుని లాగితే గీత చక్కగా వచ్చింది. మౌస్ బాగుందనే అనేశాను కూడా. తర్వాత అతన్నే ఆడమని పక్కన కూర్చుని చూశాను. ఎదుటి ట్యాంకు కదులుతోంది, ఇతను దాంతో పాటు మౌస్ తిప్పుతున్నాడు, అలా తిప్పేటప్పుడు వేలి పట్టు కాస్త సడలుతోంది. బార్ పడిపోయింది. నేను పరీక్ష చేసినప్పుడు స్క్రూడ్రైవర్ పట్టే చేత్తో బటన్ని అదిమేశాను, తెగమంటే ఎలా తెగుతుంది? అతని దగ్గర తీసుకున్న డబ్బు తిరిగిచ్చేశాను. యూపీఎస్ మాత్రం వాళ్లమ్మగారు టీవీకి పెట్టుకున్నారు.

అందుకని పరీక్ష ఇలా చెయ్యండి. పెయింట్ తెరిచి, పెన్సిల్ తీసుకుని, ఎడమ బటన్ మీద వేలు తేలిగ్గా ఆనించి నొక్కి పట్టుకోండి. అదమొద్దు. ఐదారు సెకన్ల పాటు మెల్లగా గుండ్రాలు చుడుతూ పోండి. మధ్యలో ఒకసారి గబుక్కున పక్కకి లాగండి, ఆటలో టర్రెట్ (గన్నుండే ట్యాంకు తల) తిప్పినట్టు. ఇలా పదిసార్లు. గీత ఎక్కడైనా తెగిందంటే స్విచ్ పోయినట్టే. ఇంకా గుర్తులున్నాయి: ఫైలుని ఒక ఫోల్డర్ నుంచి ఇంకో ఫోల్డర్‌కి లాగుతుంటే దారిలో జారిపోవడం, ఒక్కసారి నొక్కితే రెండుసార్లు నొక్కినట్టు ఫోల్డర్ తెరుచుకోవడం. ఇవి మీకు నెలల తరబడి జరుగుతూనే ఉంటాయి, అలవాటైపోయి ఉంటుంది.

ఈ రాత్రి మ్యాచ్ ఉంది, కొట్టు తెరిచి లేదు అనుకుంటే, ఫైర్‌ని కుడి బటన్‌కో, పక్కనుండే బొటనవేలి బటన్‌కో మార్చుకోండి. కీబోర్డు మీద స్పేస్‌కి మార్చేవాళ్లు ఒకటి చూసుకోండి. చవక కీబోర్డుల్లో ఒకేసారి మూడు కీలు నొక్కితే మూడోది పట్టకపోవచ్చు. ముందుకి, పక్కకి నడిపే కీలు పట్టుకుని స్పేస్ నొక్కితే ఛార్జే మొదలవదు, జబ్బు ఇంకోటి వచ్చిందని కంగారు పడతారు. మీ మౌస్ సాఫ్ట్‌వేర్‌లో డిబౌన్స్ టైం పెంచుకునే వీలుంటే కాస్త పెంచి చూడండి. కొన్నాళ్లు గడుస్తుంది.

అసలు మందు స్విచ్ మార్చడమే. మౌస్ అడుగున జారే స్టిక్కర్ల కింద స్క్రూలు దాగి ఉంటాయి, కనిపించలేదని పగలగొట్టకండి. మూడు కాళ్ల టంకం కరిగించి పాతది తీసి కొత్తది పెట్టాలి. స్విచ్ మీద నొక్కే బొడిపె సరిగ్గా మధ్యలో ఉండదు, ఓ పక్కకి ఉంటుంది. తిరగేసి పెట్టినా కాళ్లు రంధ్రాల్లో కూర్చుంటాయి గానీ బటన్ బొడిపెకి తగలదు. టంకం పెట్టకముందే పైమూత ఆనించి చూసుకోండి. కొత్త స్విచ్ దొరక్కపోతే, కుడి బటన్ కిందున్నది అదే రకమైతే రెండిటినీ అటూఇటూ మార్చేయండి. కుడివైపుది తక్కువ వాడతాం కాబట్టి ఇంకా బిగువుగానే ఉంటుంది. టంకం పని రాదంటే కొత్త మౌస్ కొనుక్కోండి, దాని కోసం వేళ్లు కాల్చుకోనక్కర్లేదు. ఆప్టికల్ స్విచ్చుల మౌస్ కొంటే ఈ బాధే ఉండదు, అందులో రేకు తగలడం కాకుండా వెలుగు తెగడాన్ని బట్టి క్లిక్ తెలుస్తుంది. అయితే కొనేముందు అడగండి. డబ్బా మీద ఉండే 'ఆప్టికల్ మౌస్' అన్న మాట కింద వెలిగే సెన్సర్ గురించి, బటన్ గురించి కాదు.

కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే కొడితే కొన్ని వారాలు బాగుంటుంది, మళ్లీ మొదలు. తలుపు కీళ్లకి కొట్టే నూనె స్ప్రే మాత్రం వద్దు. కొబ్బరితోటల ఉద్దానం నుంచి వచ్చిన ఒక కుర్రాడు కొబ్బరినూనె పోశాడు. వాళ్లింట్లో కొబ్బరినూనె పనికిరాని జబ్బు లేదట.

దీనికి సరిగ్గా ఎదురు లక్షణం ఒకటుంది. ఛార్జ్ నిండిపోతుంది, వేలు తీసినా గుండు పోదు. విండోస్ మౌస్ సెట్టింగుల్లో క్లిక్‌లాక్ ఆన్ అయిందేమో చూడండి. కాసేపు నొక్కి వదిలినా నొక్కి పట్టుకున్నట్టే ఉంచడం దాని పని. టిక్కు తీసేస్తే సరి. ఇంట్లో చిన్నపిల్లలుంటే దాన్ని ఎవరు ఆన్ చేశారని వెతకొద్దు.

గుండు పేలిన క్షణంలోనే కంప్యూటర్ ఆరిపోతే అది మౌస్ కాదు. ఆ మెరుపులు, పొగ చూపించడానికి గ్రాఫిక్స్ కార్డు ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగుతుంది. పవర్ సప్లై బక్కదైతే తట్టుకోలేదు. ఆరకుండా తెర ఒక్క క్షణం బిగుసుకుపోతే గ్రాఫిక్స్ తగ్గించండి. ల్యాప్‌టాప్ అయితే ఛార్జర్ పెట్టి ఆడండి, బ్యాటరీ మీద పూర్తి బలం రాదు. గుండు పోయి కూడా తగిలినట్టు చూపించకపోతే పింగ్ (ఆట సర్వర్‌కి సంకేతం వెళ్లి రావడానికి పట్టే టైం) చూసుకోండి, వైఫై మానేసి వైరు పెట్టండి.

ఇక ఆట ఫైళ్లు పాడవడం, మోడ్‌లు (ఆటకి బయటివాళ్లు చేసిన మార్పులు) ఒకదానితో ఒకటి కొట్టుకోవడం లాంటివి ఉంటాయి గానీ అరుదు. ఫైర్‌ని కీబోర్డుకి మార్చుకున్నవాళ్లు కుడి షిఫ్ట్‌ని ఎనిమిది సెకన్లు పట్టుకుంటే విండోస్‌లోని ఫిల్టర్ కీస్ అన్న ఏర్పాటు వచ్చి, చిన్నగా తట్టిన కీలని పట్టించుకోవడం మానేస్తుంది. ఎప్పుడో పెట్టి మరిచిపోయిన జాయ్‌స్టిక్ వెనకాల గుచ్చి ఉండి దాని బటన్ నొక్కుకుపోయి ఉండటం ఒకే ఒక్కసారి చూశాను. పీకేశాను, పోయింది.