ల్యాబ్‌లో మన బడిని మళ్లీ కట్టిద్దాం: అందరు పిల్లలూ కలిసి ఆడే లువాంటి లోకం

నేను ప్రకాశం జిల్లాలో ఒక భవిత కేంద్రంలో ఐఈఆర్‌పీని, అంటే సమ్మిళిత విద్య రిసోర్స్ పర్సన్‌ని. దివ్యాంగులైన పిల్లలు మిగతావాళ్లతో పాటే బడిలో చదువుకునేలా చూడటం నా పని. ‘పాటే’ అంటే పక్కన కూర్చోబెట్టడం అని చాలామంది అనుకుంటారు. కంప్యూటర్ పీరియడ్‌లో అది బాగా కనిపిస్తుంది: నలుగురు ఆడుతుంటే మా పిల్లాడు వాళ్ల భుజాల మీదుగా తొంగి చూస్తుంటాడు. ఆ వరస మార్చడానికి మేం వాడుతున్న పద్ధతి ఇది. పది పాత కంప్యూటర్లు, వాటిని కలిపే ఒక నెట్‌వర్క్ స్విచ్, ఓపికున్న ఒక టీచర్ ఉంటే మీ బడిలో కూడా పెట్టుకోవచ్చు.

వర్చువల్ వరల్డ్ అనగానే కళ్లకు కట్టుకునే హెడ్‌సెట్ గుర్తొస్తుంది. అదేం అక్కర్లేదు. మేం వాడేది లువాంటి. 2010లో ఫిన్లాండ్‌కు చెందిన పెర్తు అహోలా మొదలుపెట్టిన ఉచిత సాఫ్ట్‌వేర్ ఇది. 2024 దాకా దీని పేరు మైన్‌టెస్ట్. దిమ్మలు పేర్చి ఏదైనా కట్టుకునే లోకం. మైన్‌క్రాఫ్ట్ ఎడ్యుకేషన్ ఇంకా అందంగా ఉంటుంది కానీ దానికి లైసెన్సులు, బడి తరఫున అకౌంట్లు కావాలి. లువాంటికి అకౌంట్ అక్కర్లేదు, ఒకసారి దించుకున్నాక ఇంటర్నెట్ కూడా అక్కర్లేదు. మా ల్యాబ్‌లో నెట్ ఉండే రోజుల కంటే లేని రోజులే ఎక్కువ కాబట్టి నాకు ఇదే ముఖ్యం.

నెట్ ఉన్నచోట లువాంటి డాట్ ఆర్గ్ నుంచి విండోస్ జిప్ ఫైల్ దించుకోండి. దాన్ని తెరిచి, అందులోని కంటెంట్ విభాగం నుంచి ‘మైన్‌టెస్ట్ గేమ్’ కూడా దించండి. ఇందులో మీద పడే రాక్షసులు ఉండరు, భయపడే పిల్లలకు అదొక మేలు. మొత్తం ఫోల్డర్‌ని పెన్‌డ్రైవ్‌లో వేసి అన్ని కంప్యూటర్లలోకి కాపీ చేయండి. అన్నిటిలో ఒకే వెర్షన్ ఉంటే గొడవ ఉండదు. టీచర్ కంప్యూటర్‌లో కొత్త వరల్డ్ తెరిచి, నేల ఎలా ఉండాలో చెప్పే మ్యాప్‌జెన్ దగ్గర ఫ్లాట్ (చదును నేల) ఎంచుకోండి. కొండలూ గుట్టలూ ఉంటే మొదటి పీరియడంతా అక్కడే తిరుగుతారు. దిమ్మలు ఎన్నైనా దొరికేలా క్రియేటివ్ మోడ్‌కి టిక్ పెట్టండి, దెబ్బలు తగలకుండా డ్యామేజ్ తీసేయండి, మిగతా కంప్యూటర్ల నుంచి లోపలికి రావడానికి హోస్ట్ సర్వర్‌కి టిక్ పెట్టండి. పోర్ట్ 30000 అలాగే ఉంచండి. విండోస్ ఫైర్‌వాల్ అనుమతి అడిగితే ఇవ్వండి, లేదంటే పిల్లలెవరూ లోపలికి రాలేరు. వాళ్లు జాయిన్ గేమ్‌లో మీ కంప్యూటర్ ఐపీ అడ్రస్ కొట్టి వస్తారు. పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో, స్పేస్ లేకుండా పెట్టాలి. ఆటలో చీకటి పడకుండా టైమ్ స్పీడ్‌ని సున్నా చేసేయండి.

ఇంతవరకు ఏ కంప్యూటర్ సారైనా చేస్తారు. అసలు పని ఇక్కడినుంచి.

ఖాళీ లోకంలోకి పిల్లల్ని వదిలి ‘మీ ఇష్టం’ అంటే గట్టిగా మాట్లాడేవాళ్లు కోటలు కడతారు, మావాళ్లు మూలన నిలబడతారు. బయట ఏం జరుగుతుందో లోపలా అదే జరుగుతుంది. కాబట్టి అందరికీ తెలిసిన చోటు ఇవ్వండి. మేం మా బడినే కట్టించాం. ఒక దిమ్మ ఒక మీటరు. పిల్లలు టేపు పట్టుకుని వరండాలు, గదులు, గేటు నుంచి బోరింగు దాకా కొలిచారు. ఏ జట్టులోనైనా ఒక పని దివ్యాంగుల చేతిలోనే ఉండాలి, అది లేకపోతే మిగతా పని ఆగిపోవాలి. మా బడిలో వీల్‌చెయిర్‌లో వచ్చే ఎనిమిదో క్లాసు అమ్మాయి ఉంది. ఎక్కడ తన చక్రం ఆగిపోతుందో తనకు తెలిసినట్టు హెడ్‌మాస్టరుకు కూడా తెలియదు. అందుకని కొలతల కాగితం ఆమె దగ్గర. ఆమె చెప్పకుండా ఎవరూ దిమ్మ పెట్టడానికి లేదు. మొదట్లో మగపిల్లలు సణిగారు. సణగనివ్వండి.

బడి లేచాక ఒక నియమం పెట్టాం: స్పేస్ బార్ ముట్టుకోకూడదు. లువాంటిలో అరదిమ్మ ఎత్తును మనం నడిపే మనిషి బొమ్మ దానంతటదే ఎక్కుతుంది, పూర్తి దిమ్మ ఎక్కాలంటే స్పేస్ బార్ నొక్కి ఎగరాలి. మెట్లున్న చోటల్లా పూర్తి దిమ్మ ఎత్తే పెట్టాం కాబట్టి, ఎగరడం బంద్ అనగానే స్టాఫ్ రూమ్, లైబ్రరీ, స్టేజీ ఏవీ అందలేదు. ‘మేడమ్, బాత్‌రూమ్‌కి కూడా పోలేకపోతున్నాం’ అన్నాడు ఒకడు. ఆ అమ్మాయి ఏమీ అనలేదు, కాగితం మీద టిక్ పెట్టుకుంది.

ఇక ర్యాంపు. ఇక్కడ తొందరపడకండి, ఇందులో నెల రోజుల లెక్కల పాఠం ఉంది. ర్యాంపు వాలు 1:12 ఉండాలని మన దేశపు మార్గదర్శకాలు చెబుతాయి, అంటే ఎంత ఎత్తు ఎక్కాలో దానికి పన్నెండింతలు పొడవు. మా వరండా ఎత్తు 45 సెంటీమీటర్లు, 15 చొప్పున మూడు మెట్లు. మీటరు దిమ్మలతో దీన్ని చూపించలేం. అందుకే పక్కన ఇంకో స్థలం తీసుకుని, అక్కడ ఒక దిమ్మ 10 సెంటీమీటర్లు అనుకున్నాం. అప్పుడు వరండా ఎత్తు నాలుగున్నర దిమ్మలు, అంటే తొమ్మిది అరదిమ్మలు. ర్యాంపు పొడవు 54 దిమ్మలు. 54ని 9తో భాగిస్తే 6. ఆరు దిమ్మలు నడిచాక ఒక అరదిమ్మ ఎత్తు పెంచాలి, మళ్లీ ఆరు, మళ్లీ అర. తొమ్మిదిసార్లు అలా పెంచితే బొమ్మ ఎగరకుండానే వరండా మీదికి నడుచుకుంటూ వెళ్తుంది. మెట్ల వైపు మాత్రం ఒక్కో మెట్టు దిమ్మన్నర, అక్కడ ఆగిపోతుంది. నిష్పత్తి అంటే ఏమిటో నల్లబల్ల మీద అర్థం కాని పిల్లలు దీన్ని వేళ్ల మీద చెప్పారు. తర్వాత బయటికి తీసుకెళ్లి, మా బడిలో ఉన్న ర్యాంపు కొలిపించాను. అదే ఎత్తుకు పొడవు రెండు మీటర్లు. 5.4 మీటర్లు ఉండాల్సింది! దాన్ని ర్యాంపు అనడం కంటే జారుడుబల్ల అంటే సరిపోతుంది.

వినికిడి లేని పిల్లల సంగతి వేరు. చాట్ ఉంది కదా, టైప్ చేసుకుంటారులే అనుకోకండి. పుట్టుకతో వినపడని పిల్లల్లో చాలామందికి సైగలే మొదటి భాష, రాత కష్టంగా వస్తుంది. పైగా లువాంటిలో తెలుగు గుణింతాలు, ఒత్తులు సరిగ్గా కూడవు, అందరూ తెలుగునే ఇంగ్లీషు అక్షరాల్లో కొడతారు. అది వీళ్లకు రెండింతల బరువు. మేం చేసింది ఏమిటంటే, పీరియడ్‌లో పావుగంట ల్యాబ్‌లో మాటలు బంద్, చాట్ కూడా బంద్. సైగలు, రంగు దిమ్మలు మాత్రమే. ఎరుపు పెడితే ఆగు, పచ్చ అయితే కట్టు, పసుపు అయితే ఇలా రా. ఆ పావుగంట సైగలు బాగా వచ్చిన పిల్లాడే మేస్త్రీ. ముందురోజు గోడ, తలుపు, పొడవు, తప్పు లాంటి మాటలకు సైగలు క్లాసంతా నేర్చుకోవాలి. ఢిల్లీలోని భారతీయ సైగల భాష పరిశోధన, శిక్షణ కేంద్రం (ఐఎస్ఎల్ఆర్‌టీసీ) తయారుచేసిన భారతీయ సైగల భాష నిఘంటువు వీడియోలు ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతాయి. గది గోడల మీద పేర్లు కావాలంటే దిమ్మలతోనే పెద్ద తెలుగు అక్షరాలు కట్టించండి. ‘క్ష’ కట్టడానికి ఒక జట్టు కొట్టుకున్నంత పని చేసింది.

చేతులు సరిగ్గా పట్టు ఇవ్వని సీపీ (సెరిబ్రల్ పాల్సీ) పిల్లలకు మౌస్ వేగం బాగా తగ్గించండి. నడవడానికి మాటిమాటికీ కీ నొక్కకుండా, బొమ్మ దానంతటదే ముందుకు నడిచే ఆటోఫార్వర్డ్‌కి వాళ్లకు అందే కీ ఒకటి పెట్టండి. ర్యాంపు పరీక్ష లేనప్పుడు గాల్లో తేలుతూ వెళ్లే ఫ్లై అనుమతి ఇవ్వండి. కళ్లు తిరిగే పిల్లలకు నడిచేటప్పుడు తెర ఊగడాన్ని సెట్టింగ్స్‌లో ఆపేయొచ్చు. చూపు తక్కువున్నవాళ్లకు అక్షరాల సైజు, కింది పట్టీ సైజు పెంచండి. అసలు చూపు లేని పిల్లలకు మాత్రం ఈ లోకం పనికిరాదు, పనికొస్తుందని ఎవరైనా చెబితే నమ్మకండి. వాళ్లకు అక్షరాలతో నడిచే లోకాలు ఉన్నాయి. 1978లో ఇంగ్లండ్‌లోని ఎసెక్స్ యూనివర్సిటీ విద్యార్థులు మొదలుపెట్టిన మడ్ ఆటల బాపతు అవి, తెర మీది అక్షరాలను పైకి చదివే ఎన్‌వీడీఏ లాంటి ఉచిత స్క్రీన్ రీడర్‌తో చదివించుకోవచ్చు. అవి ఎక్కువగా ఇంగ్లీషులోనే ఉంటాయి.

ఆటిజం ఉన్న పిల్లలకు ఈ దిమ్మల లోకం ఎందుకు నచ్చుతుందో ఒక్కసారి చూస్తే తెలుస్తుంది: పెట్టిన దిమ్మ పెట్టినచోటే ఉంటుంది. ఎవరైనా తీసేస్తే మాత్రం తట్టుకోలేరు. కెనడాలో స్టువర్ట్ డంకన్ అనే తండ్రి ఆటిజం పిల్లల కోసం 2013లో ఆట్‌క్రాఫ్ట్ అనే మైన్‌క్రాఫ్ట్ సర్వర్ పెట్టింది ఇందుకే. మామూలు సర్వర్లలో వాళ్లను ఏడిపిస్తుంటే, అనుమతి ఉన్నవాళ్లే వచ్చేలా తలుపు పెట్టాడు. మీ సర్వర్‌కి కూడా పాస్‌వర్డ్ ఉండాలి. ఏరియాస్ అనే మాడ్ (ఆటకు తగిలించే చిన్న అదనపు ప్రోగ్రామ్) వేసి ఎవరి స్థలం వాళ్లకు రాసివ్వండి, ఇతరులు అందులో దిమ్మ తీయలేరు. లావా బకెట్ తెచ్చి ఇంకొకళ్ల గదిలో పోసే ఘనుడు ప్రతి బడిలో ఒకడుంటాడు. వాడిని బయటికి పంపకండి. ఇంటరాక్ట్ అనుమతి తీసేస్తే నడవగలడు, చూడగలడు, ఏదీ ముట్టుకోలేడు. మిగిలిన పీరియడ్ వాడికి అదే చాలు.

పని అయిపోయాక పేరెంట్స్ కమిటీ వచ్చిన రోజు ల్యాబ్‌లో ప్రొజెక్టర్ పెట్టండి. స్పేస్ బార్ మీద అట్టముక్క అతికించి, మౌస్ ఛైర్మన్ గారి చేతికే ఇచ్చి ‘లైబ్రరీకి వెళ్లండి సార్’ అనమనండి, చెప్పేది మీరు కాదు, కొలతల కాగితం పట్టుకున్న పిల్ల. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 16వ సెక్షన్ ప్రకారం బడి భవనాలు అందరికీ అందుబాటులో ఉండాలి. ఆ ముక్క, 5.4 మీటర్ల లెక్క, ఎఫ్12 నొక్కి తీసిన నాలుగు స్క్రీన్‌షాట్లు కలిపి అర్జీ రాయించండి. తీర్మానం పుస్తకంలో ఎక్కించుకుని నకలు తీసుకోండి. ఆ సాయంత్రమే, పిల్లలు కట్టిందంతా ఉండే వరల్డ్స్ ఫోల్డర్‌ని రెండు పెన్‌డ్రైవ్‌లలో కాపీ చేసి, ఒకటి ఇంటికి తీసుకెళ్లండి, సెలవుల్లో ల్యాబ్ కంప్యూటర్లకు ఎవరు ఫార్మాట్ కొడతారో చెప్పలేం.