తుప్పు వదిలించే మిషన్: కొనే ముందు, స్విచ్ వేసే ముందు

తక్కువ ఖర్చులో తుప్పూ పాత పెయింటూ గీకే మిషన్ కావాలనుకునేవాళ్లు ముందు మిషన్ ఎంచుకుంటారు, దానికి ఏం బిగించాలో తర్వాత ఆలోచిస్తారు. ఈ వరుస తిరగేయాలి. గీకేది మిషన్‌కు బిగించే బిళ్ల లేదా బ్రష్, ప్రమాదం తెచ్చేదీ అదే. మిషన్ దాన్ని తిప్పుతుంది, అంతే. మిషన్ దగ్గర నాలుగు డబ్బులు మిగుల్చుకుంటే మహా అయితే కార్బన్లు (మోటారు లోపల కరెంటు అందించే బొగ్గు ముక్కలు) త్వరగా అరిగి అది ఆగిపోతుంది. బిళ్ల దగ్గర మిగుల్చుకుంటే అది ముక్కలై మొహం మీదికొస్తుంది.

అందుకే మొదట చూడాల్సింది గీకబోయే లోహాన్ని.

చిన్న సుత్తితో తట్టి చూడండి. గట్టి ఇనుము ఖంగుమంటుంది. లోపల పెచ్చు పట్టినచోట చప్పుడు బోలుగా వస్తుంది. తుప్పు తాను తినేసిన ఇనుము కన్నా కొన్ని రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి మందపాటి పెచ్చు చూసి హడలిపోనక్కర్లేదు. స్క్రూడ్రైవర్ మొనతో పొడిస్తే దిగిపోయేచోట మాత్రం ఏ మిషనూ పనికిరాదు. అక్కడ రేకు కోసి అతుకు వేయాల్సిందే. పెచ్చులు లేచినచోట సుత్తి, గీకుడు బద్దతో ముందే రాల్చేయండి. గట్టి పెచ్చు మీద వైర్ బ్రష్ ఎంతసేపు తిప్పినా పైన నల్లగా మెరుగు పెడుతుంది తప్ప ఊడదీయదు. బాగుపడిందని రంగు వేస్తే ఆ పెచ్చు రంగుతో సహా ఊడుతుంది.

ఎంత మందం లోహమో కూడా చూసుకోండి. గేటు ఊచలు, యాంగిళ్లు, చానళ్లు ఏ బిళ్లనైనా తట్టుకుంటాయి. కారు బాడీ రేకు మందం మాత్రం సాధారణంగా 0.7 నుంచి 0.8 మి.మీ. అంతే. దాని మీద 40 నంబరు (నంబరు తగ్గేకొద్దీ గరుకు ఎక్కువ) ఫ్లాప్ డిస్క్, అంటే ఎమెరీ గుడ్డ రెక్కలు అతికించిన బిళ్ల, ఆనించి ఒకచోట నిలబెడితే కొన్ని సెకన్లలో రేకు నీలం తిరుగుతుంది, వేడికి ఉబ్బుతుంది. చల్లారినా ఆ ఉబ్బు పోదు, మీద లప్పం పూసి దాచుకోవాల్సి వస్తుంది. స్టెయిన్‌లెస్ స్టీలు మీద మామూలు ఉక్కు వైర్ బ్రష్ వాడితే ఆ తీగల రజను అంటుకుని కొద్దిరోజుల్లో చుక్కలు చుక్కలుగా తుప్పు కనిపిస్తుంది. స్టెయిన్‌లెస్‌కు స్టెయిన్‌లెస్ తీగల బ్రష్షే, అదీ ఇంతకుముందు ఇనుము మీద వాడనిదే ఉండాలి. గాల్వనైజ్డ్ రేకు సంగతి వేరు. దాన్ని గీకితే తుప్పు రాకుండా కాపాడే జింకు పొరే పోతుంది, కాబట్టి తుప్పు పట్టినచోట మాత్రమే ముట్టుకోండి.

ఇక మిషన్. ఒక్కటే కొనగలిగితే 100 మి.మీ. యాంగిల్ గ్రైండర్ కొనండి, జనం నాలుగంగుళాల గ్రైండర్ అనేది. 700 నుంచి 850 వాట్లు చాలు. బరువు రెండు కిలోల లోపు ఉండాలి, ఎందుకంటే గేటు పైభాగం గీకేటప్పుడు దాన్ని భుజం ఎత్తులో పట్టుకోవాలి. వేగం మార్చే డయల్ ఉన్నది దొరికితే దానికి కొంచెం ఎక్కువ పెట్టినా తప్పులేదు. పెయింటు గీకడానికి పూర్తి వేగం చాలాసార్లు అక్కర్లేదు. వేడెక్కిన పెయింటు మెత్తబడి బిళ్లకు జిగురులా పట్టుకుంటుంది. డయల్ లేని గ్రైండర్‌కు ఫ్యాన్ రెగ్యులేటర్ తగిలించి వేగం తగ్గించాలని మాత్రం చూడకండి. అది ఫ్యాను లాగే కరెంటు కోసం చేసింది, గ్రైండర్ లాగే కరెంటుకు కాలిపోతుంది.

స్విచ్ ఎలాంటిదో దుకాణంలోనే చూడండి. చెయ్యి వదిలితే ఆగిపోయే ప్యాడిల్ స్విచ్ మంచిది. చవక వాటిలో ఎక్కువగా ముందుకు జరిపితే అక్కడే ఉండిపోయే స్లైడ్ స్విచ్ ఉంటుంది. దానితో ఒక ఇబ్బంది ఉంది. పని మధ్యలో కరెంటు పోతుంది, మిషన్ కింద పెడతారు, స్విచ్ ఆన్‌లోనే ఉందన్నది మరిచిపోతారు. కరెంటు రాగానే అది నేల మీద గిరగిరా తిరుగుతూ కాళ్ల మీదికొస్తుంది. కరెంటు పోయిన క్షణమే స్విచ్ వెనక్కి లాగి, ప్లగ్ పీకేయడం అలవాటు చేసుకోండి. సైడ్ హ్యాండిల్, గార్డు పెట్టెలో ఉన్నాయా, గార్డు తిప్పి బిగిస్తే కదలకుండా నిలుస్తుందా చూడండి. స్పిండిల్ (బిళ్ల ఎక్కే ఇరుసు) పట్టుకుని అటూ ఇటూ ఊపండి. కొత్త మిషన్‌లోనే ఆట ఉంటే వద్దు. విడి కార్బన్లు దొరుకుతాయో లేదో అడగండి.

చేతిలో డ్రిల్ ఉంటే చిన్న పనులకు అది చాలు. వేగం తక్కువ కాబట్టి భయమూ తక్కువే. కానీ డ్రిల్ బేరింగులు ముందుకు నొక్కడానికి చేసినవి, పక్కకి ఒత్తడానికి కాదు. గంటల తరబడి కప్ బ్రష్ (గిన్నె ఆకారపు వైర్ బ్రష్) తిప్పితే, దాన్ని పట్టి ఉంచే చక్ ఊగడం మొదలవుతుంది. హ్యామర్ మోడ్ (గోడకు రంధ్రం వేసేటప్పుడు సుత్తిలా కొట్టేది) ఆపడం మరవకండి. ఆర్బిటల్ శాండర్ (ఎమెరీ కాగితాన్ని చిన్న సున్నాలుగా తిప్పి రుద్దే మిషన్) పెయింటు పొర మీద, బల్లపరుపు చోట బాగుంటుంది, తుప్పు గుంటల మీద పైపైనే జారిపోతుంది. ఏడంగుళాలు, తొమ్మిదంగుళాల గ్రైండర్ల జోలికి పోవద్దు. పెద్దవి కదా త్వరగా అవుతుందనుకుంటారు గానీ, అవి బ్రష్‌తో సహా ఎగిరితే రెండు చేతులతోనూ ఆపలేరు.

బ్యాటరీ గ్రైండర్ ఊరిస్తుంది గానీ లెక్క వేసుకోండి. 20 వోల్టులని పెట్టె మీద రాసినది పూర్తి చార్జింగ్‌లో ఉన్నప్పటి అంకె, పనిలో ఉండేది 18. 4 ఆంపియర్ అవర్ బ్యాటరీలో 72 వాట్ అవర్లు ఉంటాయి. వైర్ బ్రష్ ఒత్తి తిప్పితే 400 వాట్లు లాగుతుందనుకున్నా పదకొండు నిమిషాల్లోపే ఖాళీ. ఒక కిటికీ గ్రిల్లుకే మూడు నాలుగు బ్యాటరీలు కావాలి. మొత్తం ఇంటి గ్రిల్లులు గీకాలంటే వైరు మిషనే నయం.

బిళ్ల మీద అంకె

ఈ ఒక్కటీ చదవకుండా ఏదీ బిగించవద్దు. గ్రైండర్ ప్లేటు మీద వేగం ఉంటుంది, నాలుగంగుళాల వాటికి సుమారు 11,000 నుంచి 12,000 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు). బిళ్ల మీద, బ్రష్ మెడ మీద దాని గరిష్ఠ వేగం ఉంటుంది. బిళ్ల అంకె మిషన్ అంకెకు సమానంగానో ఎక్కువగానో ఉండాలి. అంకే లేని బ్రష్ అయితే అక్కడే వదిలేయండి, ఎంత తక్కువకు ఇచ్చినా సరే. డయల్ తగ్గించి వాడుకుంటాంలే అనుకోవద్దు. చెయ్యి తగిలి డయల్ తిరిగితే చాలు.

మోసపోయే చోట్లు రెండు. డ్రిల్ కోసం చేసిన చాలా వైర్ బ్రష్‌ల గరిష్ఠ వేగం 4,500 లేదా అంతకన్నా తక్కువ. గ్రైండర్‌కు డ్రిల్ చక్ బిగించే అడాప్టర్లు దొరుకుతున్నాయి, వాటితో ఆ బ్రష్‌ను 11,000 మీద తిప్పేస్తున్నారు. వేగం రెండున్నర రెట్లే కదా అనిపిస్తుంది. కానీ తీగలను బయటికి లాగే బలం వేగం వర్గంతో పెరుగుతుంది, అంటే దాదాపు ఆరు రెట్లు. తీగలు కట్టలుగా ఊడొస్తాయి. రెండోది, 100 మి.మీ. పెద్ద కప్ బ్రష్. దాని అంకె తరచుగా 8,500 దగ్గరే ఉంటుంది, చిన్న గ్రైండర్‌కు కుదరదు. చిన్న గ్రైండర్‌కు 65 లేదా 75 మి.మీ. కప్ చాలు. 75 మి.మీ. కప్ 11,000 మీద తిరిగితే దాని అంచు గంటకు 155 కిలోమీటర్ల వేగంతో పోతుంది. ఊడిన తీగ బయల్దేరే వేగమూ అదే.

మర కూడా సరిపోవాలి. 100 మి.మీ. గ్రైండర్లకు సాధారణంగా ఎం10 (10 మి.మీ. మర), 125 మి.మీ. వాటికి ఎం14. కప్ బ్రష్ నేరుగా స్పిండిల్ మీదే ఎక్కుతుంది, కింది వాషరూ పై నట్టూ తీసేయాలి. ఎక్కడం కష్టమైతే బలవంతంగా తిప్పకండి, మర వేరే అయి ఉంటుంది.

ఏ పనికి ఏ బిళ్ల? రంగు పొరకు, రేకు తుప్పుకు స్ట్రిప్ డిస్క్ వాడండి. చూడ్డానికి గరుకు స్పాంజిలా ఉంటుంది. పెయింటును తింటుంది, ఇనుమును పెద్దగా తినదు. ఖరీదు ఎక్కువ, పదునైన అంచు తగిలితే ముక్కలు ముక్కలుగా చీలిపోతుంది, అయినా రేకుకు దాన్ని మించింది లేదు. మెలితిప్పిన తీగల కప్ బ్రష్ ఊచల మీది మొండి తుప్పుకు, వెల్డింగ్ అతుకుల మూలలకు. వంకీ తీగల మెత్తని బ్రష్ పైపై తుప్పుకు. ఫ్లాప్ డిస్క్ 60 లేదా 80 నంబరుది మందపాటి ఇనుము మీద చివరి మెరుగుకు. కోసే పలచటి బిళ్లను మాత్రం పక్కకి ఆనించి గీకడానికి ఎప్పుడూ వాడవద్దు. 1 నుంచి 1.6 మి.మీ. మందం ఉండే ఆ బిళ్ల పక్క ఒత్తిడికి పగిలిపోతుంది. గట్టి బిళ్లల మధ్య లోహపు రింగు మీద నెల, సంవత్సరం కొట్టి ఉంటే చూసుకోండి. గడువు దాటినదీ, చెమ్మ తగిలినదీ పారేయాల్సిందే.

మొదలుపెట్టే ముందు

మామూలు కళ్లజోడు చాలదు. చుట్టూ మూసుకుపోయే గాగుల్స్, వాటి పైన మొహం మొత్తానికీ షీల్డ్, రెండూ ఉండాలి. తీగ ముక్కలు షీల్డు కింది నుంచి గడ్డం వైపుగా కూడా లోపలికి వస్తాయి. చెవులకు ప్లగ్గులు. దళసరి చొక్కా, పూర్తి చేతులు, మూసిన బూట్లు. తోలు గ్లవ్స్ చేతికి బిగుతుగా పట్టాలి. వదులు నూలు గ్లవ్స్ అయితే దారం బ్రష్‌కు చుట్టుకుని వేళ్లను లోపలికి లాగుతుంది. మెడలో గొలుసు, వేలాడే జుట్టు, చొక్కా తాళ్లు వద్దు. బ్రష్ బట్టను పట్టిందంటే స్విచ్ వెతుక్కునే లోపే మిషన్ పొట్ట దాకా ఎక్కేస్తుంది.

దుమ్ముకు కనీసం ఎన్95 మాస్కు. పాత కట్టడమైతే ఆగి ఒకసారి ఆలోచించండి. రంగు కింద నారింజ ఎరుపు ప్రైమర్ కనిపిస్తే అది రెడ్ లెడ్ కావచ్చు, అంటే సీసం. ఇటుకరంగు రెడ్ ఆక్సైడ్ వేరు, అది ఇనుము ఆక్సైడ్. రెండూ కంటికి ఒకటిగా కనిపించే సందర్భాలున్నాయి కాబట్టి పరీక్ష చేయించేదాకా సీసమనే అనుకోండి. సీసపు రంగు మీద గ్రైండర్ తిప్పితే ఆ పొడి చేరని మూల ఉండదు. పిల్లల ఒంట్లోకి వెళితే మెదడును దెబ్బతీస్తుంది. అలాంటిచోట నీళ్లతో తడుపుతూ చేత్తో గీకడం, లేదా రంగు మెత్తబరిచే పూతలు వాడటం మంచిది. హీట్ గన్ పెట్టి ఆవిర్లు పీల్చడమూ చెడ్డదే. పొడిని ఊడ్చకండి, తడిబట్టతో తుడవండి. ఆ బట్టలతో ఇంట్లోకి రాకండి.

నిప్పురవ్వలు మీరనుకున్న దానికన్నా దూరం పోతాయి. థిన్నర్ డబ్బాలు, గుడ్డ పీలికలు, ఎండుటాకులు, రంపపు పొట్టు అన్నీ దూరంగా జరపండి. అద్దాలు, టైల్సు, పక్కనున్న కారు కప్పండి. ఆ రవ్వలు అద్దంలో గుచ్చుకుంటే మళ్లీ రావు. పెట్రోలు, డీజిలు నిలవ చేసిన మూసిన డ్రమ్ము మీద, ఖాళీదైనా సరే, గ్రైండర్ పెట్టొద్దు. ఖాళీ డ్రమ్ములో ఆవిరి ఉంటుంది, పేలేది ఆ ఆవిరే. అల్యూమినియం గీకిన పొడి ఉన్నచోట ఇనుము గీకవద్దు. అల్యూమినియం పొడి, తుప్పు కలిసి రవ్వ పడితే నీళ్లకు ఆరని మంట లేస్తుంది. వాక్యూమ్ క్లీనర్‌తో రవ్వలు లాగించడమూ ఇలాంటి పొరపాటే, సంచి లోపల నిప్పు రాజుకుంటుంది.

కరెంటు వైపు రెండే మాటలు. 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీ బ్రేకర్ (కరెంటు లీకైతే లైను ఆపేసే స్విచ్) ఉన్న లైను నుంచే తీసుకోండి. ఎక్స్‌టెన్షన్ చుట్ట మొత్తం విప్పి వేయండి, చుట్టగా ఉంచి గ్రైండర్ నడిపితే వైరు లోపల కాగుతుంది.

బిళ్ల బిగించాక దేనికీ ఆనించకుండా నిమిషం పాటు తిప్పండి. బిళ్ల తిరిగే తలానికి ఎదురుగా కాక పక్కకు నిలబడండి. అదిరితే, ఊగితే, వింత చప్పుడు వస్తే ఆపేయండి.

గీకేటప్పుడు బ్రష్ ఎటు తిరుగుతుందో మిషన్ మీది బాణం గుర్తు చూసి గుర్తుంచుకోండి. చదరపు పైపు అంచు దగ్గర చాలా తేడాలు వచ్చేది ఇక్కడే. తీగలు పైపు ముఖం మీద నుంచి అంచు దాటి బయటికి పోవాలి. బయటి నుంచి అంచు మీదికి వస్తే కొన తగులుకుని మిషన్ ఒక్క కుదుపున వెనక్కి తంతుంది. ఊచల మధ్య ఇరుకులో ఇది ఇంకా ఎక్కువ, అక్కడ చేత్తో చిన్న బ్రష్ వాడటమే తెలివి. సైడ్ హ్యాండిల్ వదిలి ఒంటిచేత్తో పట్టుకోవద్దు. మిషన్ బరువు చాలు, మీరు నొక్కనక్కర్లేదు. నొక్కితే తీగలు పక్కకి వంగి మొన కాక నడుము రుద్దుతుంది, వేడెక్కి విరుగుతుంది. పావుగంటకోసారి ఆపి చేతులు విదిల్చుకోండి. వేళ్లు తిమ్మిరెక్కితే ఆరోజుకి చాలు.

వైర్ బ్రష్ తిప్పిన ఇనుము అద్దంలా మెరుస్తుంది, కానీ ఆ నునుపు మీద రంగు పట్టుకోదు. 80 నంబరు ఎమెరీతోనో ఫ్లాప్ డిస్క్‌తోనో గరుకు చేయండి. పని ఆపాక నిప్పు రాజుకోలేదని అరగంటైనా కాపు కాయండి. తర్వాత థిన్నర్ గుడ్డతో తుడిచి, చేత్తో ముట్టుకోకుండా అదేరోజు ప్రైమర్ కొట్టండి. ముసురు రోజున రెండు మూడు గంటల్లోనే పసుపు మచ్చలు తేలతాయి. మిషన్ గాలి రంధ్రాల్లో ఇనుప పొడి చేరి ఆర్మేచర్‌ను (మోటారులో తిరిగే భాగాన్ని) తింటుంది. ప్లగ్ పీకి బ్రష్‌తో దులిపి, మళ్లీ వేసి ఖాళీగా ఒక నిమిషం తిప్పి ఆపండి. కార్బన్లు సుమారు 5 మి.మీ.కు అరిగితే రెండూ కలిపి మార్చండి.