స్పిట్‌ఫైర్ మోడల్‌కు రంగు వేసే ముందు జాగ్రత్తలు

అన్నిటికన్నా ముందు తేల్చుకోండి: రెండో ప్రపంచ యుద్ధపు ఈ బ్రిటిష్ ఫైటర్లలో మీరు చేస్తున్నది ఏ విమానం, ఏ నెల నాటిది? 1940 వేసవిలో పైభాగం డార్క్ గ్రీన్, డార్క్ ఎర్త్ (మట్టి గోధుమ రంగు). 1941 ఆగస్టు నుంచి ఆ ఎర్త్ స్థానంలోకి ఓషన్ గ్రే వచ్చింది. పెట్టె మీది బొమ్మను గుడ్డిగా నమ్మకండి. అదే విమానం పాత ఫొటో దొరికితే పక్కన పెట్టుకోండి. కాకపోతే నలుపు తెలుపు ఫొటో చూసి రంగు తేల్చేయవద్దు. అప్పటి కొన్ని ఫిల్ముల్లో పసుపు రంగు నల్లగా కనిపిస్తుంది.

1944 జూన్ నాటి నలుపు తెలుపు చారలు వేస్తున్నారా? అయితే టేప్ కోసే ముందే కొలవండి. అసలు విమానంపై ఒక్కో చార 18 అంగుళాల వెడల్పు. 1/72 స్కేలులో 6.35 మి.మీ., 1/48లో 9.5 మి.మీ. ఫ్రాన్స్‌లోని నార్మండీ తీరంపై మిత్రరాజ్యాల దాడికి ముందు చాలాచోట్ల వీటిని హడావుడిగా బ్రష్షులతో పూశారు. అంచులు కాస్త వంకరగా ఉంటేనే నిజంలా ఉంటుంది, నాకైతే అదే ఇష్టం.

- విడిభాగాలను గోరువెచ్చని సబ్బునీళ్లతో కడిగి పూర్తిగా ఆరనివ్వండి. అచ్చు నుంచి అంటిన నూనె మిగిలితే టేప్ తీసేటప్పుడు రంగు కూడా ఊడివస్తుంది.
- లాకర్ (ఘాటైన ద్రావకంతో చేసిన రంగు) స్ప్రే చేస్తుంటే కిటికీ తెరవండి. దుమ్ము మాస్క్ ఆవిరిని ఆపదు. ఆర్గానిక్ వేపర్ ఫిల్టర్ ఉన్నదే పెట్టుకోండి.
- కొత్త రంగు ముందు పనికిరాని ముక్కపై.
- డెకాల్స్‌కు (నీళ్లలో తడిపి అతికించే గుర్తులకు) ముందు గ్లాసీ, అంటే నిగనిగలాడే కోటింగ్ తప్పనిసరి. గరుకు మ్యాట్ మీద అతికిస్తే కింద గాలి చిక్కుకుని, ఆ చోటు వెండిలా మెరుస్తుంది.