తక్కువ ధరలో రెజొనేటర్ గిటార్: కోన్ కన్నా ముందు నెక్ చూడండి

రెజొనేటర్ గిటార్ చేతికి రాగానే అందరి కన్నూ మధ్యలో మెరిసే లోహపు మూత (కవర్ ప్లేట్) మీదే పడుతుంది. నాలుగు తీగలు మీటి, మోత నచ్చితే కొనేస్తారు. తక్కువ ధర గిటార్ల విషయంలో ఈ పద్ధతి పనికిరాదు. మోత నచ్చకపోతే మూత కింద తీగల కంపనాన్ని మోతగా మార్చే పల్చటి లోహపు కోన్ మార్చుకోవచ్చు, స్క్రూడ్రైవర్ పట్టుకోవడం వచ్చినవాళ్లకి అది ఒక పూట పని. నెక్ (ఫ్రెట్లుండే పొడవాటి మెడ) కోణం తప్పినా, కోన్ కూర్చునే గట్టు ఎగుడుదిగుడుగా ఉన్నా బాగుచేయించే కూలి గిటార్ ధరని దాటిపోతుంది. కాబట్టి ముందు స్కేలు తీయండి, చెవికి తర్వాత పని చెప్పవచ్చు.

ఇక్కడ తక్కువ ధర అంటే అమెరికా మార్కెట్లో కొత్తవి సుమారు 300 నుంచి 600 డాలర్ల మధ్య దొరికేవి. రికార్డింగ్ కింగ్, గ్రెచ్, రీగల్ లాంటి పేర్లు ఈ వరుసలో తరచూ కనిపిస్తాయి. ఈ ధరలో బ్రాండ్ పేరు ఇచ్చే భరోసా కొంతే. ఒకే మోడల్లో పక్కపక్కన పెట్టిన రెండింటిలో ఒకటి చక్కగా పలికి, రెండోది గరగరలాడటం మామూలే. ‘ఏ కంపెనీది’ అని కాకుండా ‘చేతిలో ఉన్న ఈ గిటార్ ఎలా ఉంది’ అని చూడాలి.

ఏ రకం కావాలో తేల్చుకోండి

1920లలో, యాంప్లిఫైయర్లు ఇంకా రాని రోజుల్లో, బ్యాండులో గిటార్ గట్టిగా వినపడాలని వాద్యాల తయారీదారు జాన్ డోప్యేరా చేసిన ఏర్పాటే రెజొనేటర్. 1927లో లాస్ ఏంజెలెస్‌లో నేషనల్ కంపెనీ, మరుసటి ఏడాది డోప్యేరా సోదరుల డోబ్రో కంపెనీ మొదలయ్యాయి. ఇప్పటికీ దొరికే మూడు రకాలూ ఆ రోజుల నాటివే.

ట్రైకోన్‌లో 6 అంగుళాల కోన్లు మూడు ఉంటాయి. వాటిని కలుపుతూ ‘టి’ ఆకారంలో బ్రిడ్జ్ (తీగల కంపనాన్ని కోన్లకి చేర్చే వంతెన) ఉంటుంది. బిస్కెట్ రకంలో 9.5 అంగుళాల కోన్ ఒకటే. దాని కొన పైకి ఉంటుంది, కొన మీద గుండ్రటి చెక్క బిళ్ల, ఆ బిళ్లలో శాడిల్, అంటే తీగలు ఆనే పట్టీ. స్పైడర్ రకంలో 10.5 అంగుళాల కోన్ గిన్నెలా వెల్లకిలా కూర్చుంటుంది, ఎనిమిది కాళ్ల అల్యూమినియం స్పైడర్ దాని అంచు మీద నిలబడుతుంది. బ్లూస్‌లో వినిపించే, టక్కున మొదలై త్వరగా ఆగే మోత బిస్కెట్‌ది. అమెరికా జానపద బాణీ బ్లూగ్రాస్‌లో సాగుతూ పలికేది స్పైడర్. తక్కువ ధరలో ట్రైకోన్ జోలికి పోవద్దు. మూడు గట్లూ, మూడు కోన్లూ సరిగ్గా అమరాలి కనుక తప్పు జరిగే చోట్లూ మూడింతలు.

నెక్ గుండ్రంగా ఉంటే మామూలు గిటార్‌లా పట్టుకుని వాయించవచ్చు, వేలికి స్లయిడ్ (తీగల మీద జార్చే గొట్టం) తొడుక్కోవచ్చు. చదరపు నెక్ ఒడిలో పెట్టుకుని స్టీలు బార్‌తో వాయించడానికి మాత్రమే. అందులో తీగలు ఫ్రెట్‌బోర్డుకి దాదాపు ఒక సెంటీమీటరు ఎత్తున ఉంటాయి, వేలితో నొక్కడం కుదరదు. చిత్రవీణ పలికే తీరు తెలిసినవాళ్లకి ఈ రెండో పద్ధతి వెంటనే అర్థమవుతుంది. మన దేశంలో స్లయిడ్ గిటార్ అనగానే గుర్తొచ్చే విశ్వమోహన్ భట్ మోహన వీణ మాత్రం ఈ కోవలోది కాదు. అది ఆర్చ్‌టాప్ (పైచెక్క వంపుగా ఉండే) గిటార్‌కి అదనపు తీగలు బిగించి చేసింది, లోపల కోన్ ఉండదు. ఆ నాదం కోసం రెజొనేటర్ కొంటే నిరాశే.

ఏది తేల్చుకోలేకపోతే గుండ్రటి నెక్ తీసుకోండి. నట్ (నెక్ పైకొనలో తీగలు ఆనే గాడుల పట్టీ) మీద తొడిగే చిన్న లోహపు రైజర్‌తో తీగలు ఎత్తి ఒడిలోనూ వాయించవచ్చు. కానీ చదరపు నెక్‌కి వాడే జి-బి-డి-జి-బి-డి శ్రుతిని మామూలు తీగలతో గుండ్రటి నెక్ మీద పెట్టకండి. అన్నిటికన్నా లావైన ఆరో తీగ ఇ నుంచి జికి, అయిదోది ఎ నుంచి బికి పెరిగి నెక్ మీద లాగుడు ఎక్కువవుతుంది. డి-జి-డి-జి-బి-డి అయితే పైకి లాగే తీగ ఒక్కటీ ఉండదు, నెక్‌కి బెంగ లేదు.

‘ప్లైవుడ్ బాడీయా’ అని పెదవి విరిచేవాళ్లుంటారు. మామూలు అకౌస్టిక్‌లో అది లోపమే కావచ్చు. ఇక్కడ తీగల కంపనం అందుకునేది కోన్, పైచెక్క కాదు. పాత డోబ్రోలూ ప్లైవుడ్‌వే. ‘సాలిడ్ టాప్’ అని ఎక్కువ అడిగితే ఇవ్వకండి. ఆ డబ్బుతో మంచి కోన్ వస్తుంది.

నెక్, శాడిల్, కవర్ ప్లేట్

తీగల్ని శ్రుతిలో పెట్టాకే కొలతలు తీయాలి. హెడ్‌స్టాక్ (ట్యూనర్లుండే తల) వైపు నుంచి ఒక కన్ను మూసి నెక్ పొడవునా చూడండి. మెలి తిరిగి ఉంటే అక్కడే వదిలేయండి. కాస్త ముందుకు వంగి ఉంటే ట్రస్ రాడ్‌తో (నెక్ లోపలి లోహపు కడ్డీ) సర్దవచ్చు, రాడ్ ఉందో లేదో అడగండి.

తర్వాత 12వ ఫ్రెట్ దగ్గర ఆరో తీగ కింద ఎంత ఖాళీ ఉందో స్టీలు స్కేలుతో కొలవండి. గుండ్రటి నెక్‌లో 2.5 నుంచి 3 మి.మీ. ఉంటే వేళ్లకీ స్లయిడ్‌కీ రెంటికీ సరిపోతుంది. 4 మి.మీ. దాటితే వెంటనే శాడిల్ వైపు చూడాలి. మామూలు గిటార్‌లో యాక్షన్ (తీగల ఎత్తు) ఎక్కువైతే శాడిల్ అరగదీస్తారు. రెజొనేటర్‌లో శాడిల్ మీదుగా అడ్డంగా చేతి ఆనుడు పట్టీ ఉంటుంది, చుట్టూ కవర్ ప్లేట్ అంచు ఉంటుంది. శాడిల్ తగ్గిస్తే తీగలు ఆ అంచుకి తగులుతాయి. పైగా టెయిల్‌పీస్ (తీగల కింది కొసలు బిగించే లోహపు ముక్క) వైపు తీగలు దిగే కోణం తగ్గుతుంది. కోన్‌ని కింద పెట్టి ఉంచేది తీగల ఒత్తిడి ఒక్కటే కాబట్టి, కోణం చాలకపోతే కోన్ వదులై గరగరలాడుతుంది. యాక్షన్ ఎక్కువ, శాడిల్ అప్పటికే పొట్టి: ఈ రెండూ కలిసి కనిపించాయంటే నెక్ కోణమే తప్పు. అమ్మేవాడు ‘సెటప్ చేయిస్తే పోతుంది’ అంటాడు. అది సెటప్‌తో పోయేది కాదు.

దీనికి ఎదురు తప్పూ ఉంది. శాడిల్ బాగా ఎత్తుగా ఉండి తీగలు టెయిల్‌పీస్‌కి నిటారుగా దిగుతుంటే ఆ బరువుకి కోన్ కుంగుతుంది. బిస్కెట్ కోన్లకి ఈ ప్రమాదం ఎక్కువ. కవర్ ప్లేట్ రంధ్రాల్లోంచి టార్చ్ వేసి కోన్ మీద సొట్టలు, ముడతలు ఉన్నాయేమో చూడండి.

స్వరస్థానం చూడటానికి 12వ ఫ్రెట్ పైన తీగని తాకీ తాకనట్టు తాకి హార్మోనిక్ పలికించండి, తర్వాత అదే ఫ్రెట్ నొక్కి మీటండి. ట్యూనర్‌లో రెండూ ఒకటే చూపాలి. చదరపు నెక్‌లో నొక్కడానికి బదులు ఫ్రెట్ గీతకి సరిగ్గా పైన బార్ ఆనించండి. నొక్కిన స్వరం కొంచెం ఎక్కువ పలికితే బెదరక్కర్లేదు. బిస్కెట్ రకంలో కోన్‌ని కొద్దిగా తిప్పి, లావు తీగల వైపు శాడిల్‌ని టెయిల్‌పీస్ వైపు జరపవచ్చు. సర్దుబాటు రెండు మూడు మి.మీ. మాత్రమే. అంతకు మించి తేడా ఉంటే కోన్ కోసం కోసిన గుంతే తప్పు చోట ఉందన్నమాట.

గరగర ఎక్కడిది?

చవక రెజొనేటర్ ఎంతో కొంత గరగరలాడుతుంది. అది పావుగంటలో పోయేదా, పోనిదా అన్నదే తేల్చుకోవాలి. ఒకటి రెండు ఫ్రెట్ల దగ్గరే వస్తే ఫ్రెట్ ఎత్తు తేడా. ఖాళీ తీగ మీటినప్పుడే వస్తే నట్ గాడి లోతై ఉంటుంది. అన్నిచోట్లా వస్తుంటే ఒకరు మీటుతుండగా ఇంకొకరు టెయిల్‌పీస్, కవర్ ప్లేట్, పైభాగంలోని జాలీలు, ట్యూనర్ల స్క్రూలు ఒక్కొక్కటిగా వేలితో అదిమి చూడండి. ఎక్కడ అదిమితే ఆగితే తప్పు అక్కడే. టెయిల్‌పీస్ కింద చిన్న తోలు ముక్క పెడితే చాలు. కవర్ ప్లేట్ స్క్రూలు ఎదురెదురుగా ఉన్నవి ఒకదాని తర్వాత ఒకటి బిగించండి. బలం చూపిస్తే పల్చటి ప్లైవుడ్‌లో మర పోతుంది. అలా పోతే రంధ్రంలో జిగురు రాసిన టూత్‌పిక్ ముక్క పెట్టి, ఆరాక మళ్లీ బిగించాలి.

ఎక్కడ అదిమినా ఆగకపోతే తప్పు లోపల ఉంది. రవాణా కోసం తీగలు పూర్తిగా వదులు చేస్తే కోన్ జరిగిపోతుంది, దాన్ని తిరిగి కుదురుగా పెట్టడంతోనే చాలాసార్లు తేలిపోతుంది. తీగలు తీసి, కవర్ ప్లేట్ ఎత్తి, శాడిల్ పట్టుకుని లాగకుండా కోన్‌ని అంచు పట్టి తీయండి. తీసేముందు ఫోటో తీసుకోండి. కోన్‌ని కిటికీ అద్దం లాంటి చదునైన గాజు మీద పెట్టి అంచు కింద వెలుతురు కనిపిస్తోందేమో చూడండి. స్పైడర్‌నీ అలాగే నిలబెట్టండి, ఎనిమిది కాళ్లూ ఆనాలి. ఏదైనా కాలు ఆనకపోతే గాజు మీద సన్నటి ఎమెరీ కాగితం పరిచి, మిగతా కాళ్లని కొద్దికొద్దిగా అరగదీస్తూ సమం చేయాలి. కోన్, స్పైడర్ రెండూ బాగుండి ఇంకా చప్పుడు వస్తోందంటే గట్టు చదునుగా లేదు. షాపులో ఇవన్నీ విప్పనివ్వరు. అందుకే వాపసు గడువు లేని చోట కొనవద్దు, గడువులోపే విప్పి చూసుకోండి.

స్పైడర్ మధ్యలోని స్క్రూ గురించి ఒక జాగ్రత్త. తీగలు శ్రుతికి వచ్చాకే దాన్ని తాకాలి. బిగుతు తెలిసిన చోటు నుంచి పావు చుట్టు, మహా అయితే అర. ఎక్కువైతే కోన్ మధ్యభాగం పైకి లాగినట్టయి మోత గొంతు నొక్కినట్టుంటుంది. బిస్కెట్ రకంలో చెక్క బిళ్లని కోన్‌కి పట్టి ఉంచే స్క్రూ కింది వైపు ఉంటుంది. అది వదులైనా గరగరే.

శాడిల్ గాడులు తీగ లావులో సగం లోతుంటే చాలు. తీగ మొత్తం మునిగిపోయి ఉంటే మోత చచ్చినట్టుంటుంది. మెత్తటి చెక్క శాడిల్ తీసేసి మేపుల్‌ది వేయించడం చాలా తక్కువ ఖర్చుతో అయ్యే మంచి మార్పు. ఆ తర్వాతే కోన్. ఫ్యాక్టరీ కోన్లు సాధారణంగా మందంగా ఉండి, మోత డబ్బా కొట్టినట్టు పలచగా వస్తుంది. కొత్త కోన్ కొనేముందు పాతదాని వ్యాసం, లోతు కొలుచుకోండి. గట్టు కొలత మి.మీ. తేడా ఉన్నా కూర్చోదు.

పికప్ (మోతని యాంప్లిఫైయర్‌కి పంపే పరికరం) ఉన్న మోడల్‌కి అదనంగా ఇవ్వకండి, కావాలంటే తర్వాత పెట్టించుకోవచ్చు. తీగలు గుండ్రటి నెక్‌కి 13–56 సెట్, చదరపు నెక్‌కి 16–56 సెట్ వేయండి (ఇవి సన్నటి, లావు తీగల మందాలు, అంగుళంలో వెయ్యో వంతుల్లో). తీగలు మార్చేటప్పుడు అన్నీ ఒకేసారి తీయకుండా ఒక్కొక్కటే మారిస్తే కోన్ కదలదు. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో తీగలతో పాటు కవర్ ప్లేట్ స్క్రూలూ తుప్పు పడతాయి, వాయించాక రెంటినీ పొడిగుడ్డతో తుడవండి.

సెకండ్‌హ్యాండ్‌లో దూరం నుంచి కొంటున్నా, అమెరికా నుంచి ఎవరిచేతనైనా తెప్పించుకుంటున్నా ముందు ఈ ఫోటోలు అడగండి: పక్క నుంచి నెక్, బాడీ కలిసే చోటు, 12వ ఫ్రెట్ దగ్గర స్కేలు ఆనించి, శాడిల్ దగ్గరగా, తీగలకీ కవర్ ప్లేట్‌కీ మధ్య ఖాళీ కనిపించేలా. ఒక్కో తీగ ఖాళీగానూ, 12వ ఫ్రెట్ దగ్గరా పలికించిన వీడియో కూడా. పాట వాయించి పంపితే ఏమీ తెలియదు, గరగరని పాటలో దాచేయవచ్చు.