కైరల్ క్యాటలిస్టుల్ని పోల్చే ముందు ఈ జాగ్రత్తలు చూసుకోండి

రెండు కైరల్ క్యాటలిస్టులు (ఎడమ, కుడి చేతుల్లా అద్దపు ప్రతిబింబాలైన రెండు రూపాల్లో ఒకదాన్నే ఎక్కువగా తయారుచేసే ఉత్ప్రేరకాలు) చేతికి రాగానే ఏది మెరుగో తేల్చేద్దామని చాలామంది వెంటనే స్క్రీనింగ్ మొదలెట్టేస్తారు, రాత్రంతా స్టిర్ చేసి పొద్దున్నే వర్కప్ చేస్తే రెండిటికీ 98 శాతం ఈల్డ్ వచ్చింది, ఈఈ (ఎనాన్షియోమెరిక్ ఎక్సెస్, అంటే ప్రొడక్ట్‌లో ఒక రూపం రెండోదానికంటే ఎంత శాతం ఎక్కువుందో చెప్పే అంకె) ఒకదానికి 92 ఇంకోదానికి 94, కాబట్టి రెండోదే బెస్ట్ అని రాసేస్తారు. దయచేసి అలా చేయకండి. మొదటిది గంటలో పని ముగించేసి ఉండొచ్చు, రెండోది తెల్లారేదాకా ఈడ్చుకొచ్చి ఉండొచ్చు, చివర్లో ఒక్క శాంపిల్ తీస్తే ఆ తేడా మీకు కనపడదు. పైగా 92కీ 94కీ మధ్య ఎనర్జీ తేడా 25 డిగ్రీల దగ్గర 0.2 కిలోక్యాలరీ కూడా ఉండదు, మళ్ళీ చేసి చూస్తే ఆ రెండు శాతం అటూ ఇటూ అయిపోవచ్చు.

అందుకే నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యం టైమ్ పాయింట్లు. కన్వర్షన్ (మొదట వేసిన పదార్థంలో ఎంత మారిందో) 10, 20 శాతం ఉన్నప్పుడు ఒకటి, సగంలో ఒకటి, చివర్లో ఒకటి తీయండి, ప్రతి దాంట్లో కన్వర్షన్‌తో పాటు ఈఈ కూడా చూడండి. శాంపిల్ తీసిన వెంటనే క్వెంచ్ చేయాలి, అంటే రియాక్షన్ ఆపేయాలి, లేకపోతే వయల్‌లో కూడా రియాక్షన్ నడుస్తూనే ఉంటుంది, ఇంజెక్షన్ క్యూలో ఆఖర్న ఉన్న వయల్‌కి ఎక్కువ కన్వర్షన్ కనిపించి మోసపోతారు. ఈఈ మధ్యలో మారుతోందంటే ప్రొడక్ట్ రేసిమైజ్ అవుతుండొచ్చు (ఒక రూపం రెండోదిగా మారి రెండూ సమానమయ్యే వైపు పోతుండొచ్చు), అసలు క్యాటలిస్ట్ చచ్చిపోయి వేరే స్పీషీస్ పని చేస్తుండొచ్చు.

లోడింగ్, అంటే ఎంత క్యాటలిస్ట్ వేయాలన్న సంగతి కూడా ముందే తేల్చుకోండి. 1 మోల్ శాతం వేస్తే పూర్తి కన్వర్షన్‌కి టర్నోవర్ నంబర్ (ఒక్కో క్యాటలిస్ట్ అణువు ఎన్ని ప్రొడక్ట్ అణువులు చేసిందో) 100 దాటదు కదా, కాబట్టి రెండు క్యాటలిస్టులూ 100 చూపించాయంటే రెండూ సమానం అని కాదు, మీరు వాటిని గట్టిగా పరీక్షించలేదని అర్థం. లోడింగ్ తగ్గించుకుంటూ పోండి, ఎక్కడ ఆగిపోతుందో అక్కడ అసలు తేడా తెలుస్తుంది. మెటోలాక్లోర్ అనే కలుపు మందు తయారీలో వాడే ఇరిడియం జైలిఫాస్ క్యాటలిస్ట్ ఈఈ దాదాపు 80 శాతమే, అయినా ఇండస్ట్రీలో నిలబడింది, ఎందుకంటే ఒక్క మోల్ క్యాటలిస్ట్‌తో పది లక్షల మోల్స్ దాకా ప్రొడక్ట్ తీయొచ్చు. ఈఈ ఒక్కటే చూసుకుని ఉంటే దాన్ని మొదట్లోనే పక్కన పడేసేవాళ్ళు.

బ్లాంక్ తప్పకుండా పెట్టండి, అసలు క్యాటలిస్ట్ లేకుండా ఒకటి, లిగాండ్ (మెటల్‌కి అతుక్కుని దాన్ని కైరల్‌గా చేసే అణువు) లేకుండా మెటల్ సాల్ట్‌తో ఒకటి. కైరల్ క్యాటలిస్ట్ లేకుండానే నడిచే బ్యాక్‌గ్రౌండ్ రియాక్షన్ ఉంటే లోడింగ్ తగ్గించినప్పుడు ఈఈ పడిపోతుంది, అది క్యాటలిస్ట్ తప్పని అనుకుంటారు.

టెంపరేచర్ వేరైతే ఈఈలని నేరుగా పోల్చడం కుదరదు. 25 డిగ్రీల దగ్గర 90 శాతం ఈఈ రావాలంటే రెండు ట్రాన్సిషన్ స్టేట్ల (రెండు రూపాలకి దారితీసే ఎనర్జీ శిఖరాల) మధ్య మోల్‌కి సుమారు 1.74 కిలోక్యాలరీల తేడా కావాలి, మైనస్ 78 దగ్గరైతే 1.14 చాలు. పేపర్లలో నంబర్లు తెచ్చి పక్కపక్కన టేబుల్ వేసేవాళ్ళు ఇది తప్పకుండా చూడాలి.

ఇక హెచ్‌పీఎల్‌సీ, అంటే కాలమ్‌లో రెండు రూపాల్నీ విడదీసి ఈఈ కొలిచే పరికరం. ముందు రేసిమిక్ (రెండు రూపాలూ సగం సగం ఉన్న) శాంపిల్‌తో రెండు పీకులూ బేస్‌లైన్ దాకా విడిపోయేలా మెథడ్ పెట్టుకోండి. 99 శాతం ఈఈ అంటే 99.5కి 0.5, చిన్న పీక్ దాదాపు 200 రెట్లు చిన్నది, శాంపిల్ గాఢంగా ఉంటే పెద్ద పీక్ డిటెక్టర్‌ని సాచురేట్ చేసి ఈఈ తక్కువ చూపిస్తుంది, మరీ పల్చగా ఉంటే చిన్న పీక్ నాయిస్‌లో మునిగిపోయి 99కి పైన అని సంబరపడతాం. లిగాండ్ రెండో ఎనాన్షియోమర్ (అద్దపు రూపం)తో ఒక రియాక్షన్ చేసి చూడండి, పెద్ద పీక్ చిన్నది, చిన్నది పెద్దది అవ్వాలి, అలా అవ్వలేదంటే ఆ చిన్న పీక్ కింద ఏదో ఇంప్యూరిటీ దాక్కుందన్నమాట. ఇంకోటి, మామూలు సిలికా కాలమ్‌లో కూడా ముందు ఫ్రాక్షన్లకీ వెనక ఫ్రాక్షన్లకీ ఈఈ తేడా రావచ్చు, కాబట్టి క్రూడ్‌లోనే (శుద్ధి చేయకముందే) కొలవండి, లేదా ఫ్రాక్షన్లన్నీ కలిపాక కొలవండి. క్రిస్టలైజ్ చేసిన తర్వాత వచ్చిన ఈఈని క్యాటలిస్ట్ ఖాతాలో వేయకూడదు.

కైనెటిక్ రిజల్యూషన్ (రెండు రూపాల మిశ్రమంలో ఒకటి వేగంగా ఖర్చై రెండోది మిగలడం) ఐతే సెలెక్టివిటీ ఫ్యాక్టర్, అంటే ఒక రూపం రెండోదానికంటే ఎన్ని రెట్లు వేగంగా మారుతుందో లెక్కేసి పోల్చండి. ఆ ఫ్యాక్టర్ 10 మాత్రమే ఉన్నా, 70 శాతం కన్వర్షన్ దాకా లాగితే మిగిలిన సబ్‌స్ట్రేట్ (మొదట వేసిన పదార్థం) ఈఈ 98కి వచ్చేస్తుంది, చేతిలో మిగిలేది 30 శాతమే.

లిగాండ్ బాటిల్ పాతదైతే ఫాస్ఫీన్ ఆక్సైడ్ అయిపోయిందేమో ఫాస్ఫరస్ ఎన్‌ఎంఆర్ తీసి చూడండి, లిగాండ్ ఈఈ కూడా కనుక్కోండి, ఎందుకంటే లిగాండ్ ఈఈకి ప్రొడక్ట్ ఈఈ ఎప్పుడూ సరళరేఖలో ఉండదని ఫ్రెంచ్ కెమిస్ట్ కగాన్ వాళ్ళు 1986లోనే చూపించారు.

హైడ్రోజినేషన్ (హైడ్రోజన్ గ్యాస్‌తో రియాక్షన్) చేసేవాళ్ళు స్టిర్రింగ్ స్పీడ్ మార్చి చూడండి, రేటు మారిందంటే మీరు కొలుస్తున్నది క్యాటలిస్ట్‌ని కాదు, గ్యాస్ సాల్వెంట్‌లోకి దిగే వేగాన్ని. ప్రెషర్ కూడా అన్నిటికీ ఒకటే ఉంచండి, రోడియం క్యాటలిస్టుల్లో ప్రెషర్‌తో ఈఈ కూడా మారుతుంది. సేఫ్టీ దగ్గర మాత్రం తొందరపడొద్దు, హైడ్రోజన్ గాలిలో 4 నుంచి 75 శాతం దాకా ఎంత ఉన్నా అంటుకుంటుంది, ఆటోక్లేవ్‌ని (ప్రెషర్ తట్టుకునే మూత పాత్రని) ముందు నైట్రోజన్‌తో పర్జ్ చేసి లోపలి గాలి తోసేశాకే హైడ్రోజన్ ఎక్కించండి, అయిపోయాక ఫ్యూమ్ హుడ్‌లో మెల్లగా వదిలి మళ్ళీ నైట్రోజన్ పెట్టాకే మూత తీయండి.