బ్లూయింగ్ చెడగొట్టిన తుపాకీని తిరిగి దుకాణానికి తీసుకెళ్లే ముందు జాగ్రత్తలు

తుపాకీ ఉక్కుకు తుప్పు పట్టకుండా రసాయనాలతో నలుపు-నీలం రంగు ఎక్కించడమే బ్లూయింగ్. నాన్నగారి పన్నెండు బోర్ డబుల్ బ్యారెల్ (రెండు గొట్టాల తుపాకీ) విషయంలో మేం ఇవేవీ చూసుకోలేదు. అందుకే రాస్తున్నాను.

- ముందు తుపాకీ తెరిచి రెండు గొట్టాలూ ఖాళీయేనా అని కళ్లారా చూడండి. తూటాలు వెంట వద్దు.

- సీరియల్ నంబరును లైసెన్సుతో పోల్చండి. పాలిష్ ఎక్కువైతే అంకెలు అరిగిపోతాయి. మా దాని మీద 8 అరిగి 3లా కనిపించింది. ఆ నంబరు చెరపడం, మార్చడం 1959 ఆయుధాల చట్టం 8వ సెక్షన్ కింద నిషేధం. అందుకే తేడా ఉంటే ముందు లైసెన్సు ఇచ్చిన అధికారికి రాతపూర్వకంగా తెలపండి.

- ఇది అన్నిటికన్నా ముఖ్యం. గొట్టాలను విడదీసి, తాడుతో వేలాడదీసి, వేలి గణుపుతో తట్టండి. గంటలా ఖంగుమనాలి. గరగరమంటే రెండు గొట్టాలను కలిపే మధ్య పట్టీ టంకం వదిలిందేమోనని అనుమానించాలి. బ్లూయింగ్ కోసం దాదాపు 140 డిగ్రీల వేడి క్షార లవణాల ద్రావణంలో ముంచితే మెత్తటి టంకం దెబ్బతింటుంది. ఇలాంటి పాత తుపాకులకు నెమ్మదిగా తుప్పు పట్టించి చేసే పద్ధతే మంచిది. అనుమానం తీరేదాకా దయచేసి పేల్చకండి.

- అతుకుల దగ్గర తెల్లటి పొడి కనిపిస్తే ఆ ద్రావణాన్ని కడగడం సరిగ్గా జరగలేదన్నమాట. తుడిచేయకుండా పగటి వెలుతురులో ఫొటోలు తీయండి. గరుకు కాగితంతో రుద్దకండి, సొంతంగా రంగు పూయకండి. లోపం ఎవరిదో తేల్చడం కష్టమవుతుంది.

- రసీదు, లైసెన్సు దగ్గరుంచుకోండి. మళ్లీ పని చేయించాల్సి వస్తే లైసెన్సున్న మరమ్మతుదారుకే ఇవ్వండి.

- దుకాణందారు మాట వినకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదుకు గడువు రెండేళ్లు.